మోకాలు నొప్పి అన్న పిల్ల పేరు కొట్టేయకండి

పర్లాకిమిడి,
ఆగస్టు 29

ఒడిశా క్రీడలు, యువజన సేవల శాఖ అధికారులకు. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతున్న కోచ్‌లకు, పీఈటీలకు,

నమస్కారం.

ఈ ఉత్తరం ఒడియాలో రాసి మీ ఆఫీసులకి ముందే పంపాను. మళ్ళీ తెలుగులో ఎందుకంటే, ఇక్కడా, గుణుపురంలోనూ, బరంపురంలోనూ పిల్లల్ని గ్రౌండుకి పంపే అమ్మానాన్నల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. మీతో పాటు వాళ్ళూ చదవాలి. ఈ రోజు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, అందుకే జాతీయ క్రీడా దినోత్సవం. మా ఊళ్ళో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు పుట్టిందీ ఈ తేదీనే. జనం మాట్లాడే మాటలోనే రాయాలని ఆయన పట్టుబట్టారు. నేనూ మా గ్రౌండు మీద వినబడే మాటల్లోనే రాస్తున్నాను.

నేను ఇక్కడే పుట్టాను. ఇక్కడి సిమెంటు కోర్టు మీదే బంతి పట్టడం నేర్చుకున్నాను. జిల్లాకి ఆడాను, రాష్ట్రానికి ఆడాను, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఒక సంస్థలో చేరి మూడు సీజన్లు ఆటే ఉద్యోగంగా బతికాను. ఇరవై అయిదేళ్ళకి ఆట మానేశాను. ఇప్పుడు పిల్లల్ని ఆడించే పనిలో ఉన్నాను.

మూడు వారాల కిందట ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఒక పిల్ల మాత్రం బూట్ల లేసులు విప్పుతూ అలాగే కూర్చుంది. పదిహేనేళ్ళు. నేను చూసిన పిల్లల్లో ఇంత ఎత్తు ఎగిరి రీబౌండు, అంటే బుట్టలో పడకుండా వెనక్కొచ్చిన బంతి, పట్టే పిల్ల లేదు. దగ్గరికి వెళ్తే, తల ఎత్తకుండానే, "మేడం, మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టు తప్పుతోంది. ఎవరికీ చెప్పకండి, సెలక్షన్లు ఉన్నాయి" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో నా మోకాలూ అలాగే పట్టు తప్పేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల నాకైనా చెప్పింది.

నాకు జరిగింది చెబుతాను, ఎందుకంటే అందులో మీ కోచ్‌లు గుర్తు పట్టాల్సినవి చాలా ఉన్నాయి. బరంపురంలో జిల్లాల మధ్య మ్యాచ్. రీబౌండుకి ఎగిరి బంతి పట్టాను, ఒంటికాలి మీద దిగాను. ఎవరూ నన్ను గుద్దలేదు. కాలు నేలకి ఆనింది, ఒళ్ళు పక్కకి తిరిగింది, పాదం మాత్రం అక్కడే ఉండిపోయింది. లోపల పచ్చి కొమ్మ విరిచినట్టు 'టప్'మని చప్పుడు వినిపించింది. పక్కన నిలబడ్డ పిల్లకి కూడా వినబడిందట. రెండు గంటల్లో మోకాలు చిప్ప కనబడకుండా వాచిపోయింది. "బెణికింది, ఏం కాదు" అని క్రేప్ బ్యాండేజీ చుట్టారు. ఇంటికొస్తే మా అమ్మ గుండె బాదుకుని, ఆవనూనె వేడి చేసి మర్దనా చేసింది, ఉప్పు మూట కాపడం పెట్టింది. మర్నాడు నాటు కట్టు. నాలుగో రోజు ఎక్స్‌రే తీశారు. "ఎముకకి ఏం కాలేదు, మూడు వారాలు రెస్టు" అన్నారు. మూడు వారాల తర్వాత వాపు దిగింది. నేను కోర్టు ఎక్కాను. అందరూ సంతోషించారు, అందరికంటే నేనే ఎక్కువ.

అమ్మని నేను ఏమీ అనను. తనకి తెలిసిన ప్రేమ అది. కానీ కొత్తగా తగిలిన దెబ్బ మీద వేడి, మర్దనా పెడితే లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. మొదటి రెండు రోజులూ మెత్తని గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి, కాలు ఎత్తు మీద ఉంచాలి, బరువు మోపకూడదు. ఈ ఒక్క ముక్క ప్రతి ఇంట్లో తెలిసినా చాలా మేలు.

ఎక్స్‌రే గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లిగమెంటు కనబడదు. తొడ ఎముకనీ కింది కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే తాళ్ళలాంటివి మోకాల్లో నాలుగు ఉంటాయి. లోపల ముందువైపున్న తాడుని డాక్టర్లు ఏసీఎల్ అంటారు. కింది ఎముక ముందుకి జారిపోకుండా, మెలి తిరగకుండా ఆపేది అదే. బాస్కెట్‌బాల్లో ఇది ఎక్కువగా తెగేది ఒకరి మీద ఒకరు పడి కాదు. ఎగిరి దిగేటప్పుడు, పరుగులో ఉన్నట్టుండి ఆగేటప్పుడు, దిశ మార్చేటప్పుడు తెగుతుంది. 'టప్' చప్పుడు, కొద్ది గంటల్లోనే వచ్చిన వాపు, ఈ రెండూ కలిస్తే అది తెగిందనే ముందు అనుమానించాలి. చెయ్యి తిరిగిన ఎముకల డాక్టరు మోకాలు కొంచెం వంచి, కింది కాలు ముందుకి లాగి చూసి చాలా వరకు చెప్పేయగలడు. ఎంఆర్ఐ తీస్తే పూర్తిగా తేలుతుంది. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట విని మోకాలు బాగుందనుకోవడం, మా ఇంట్లో జరిగిన అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఎందుకంటే ఆ తాడు తెగినా మనిషి నడుస్తాడు. వాపు దిగాక తిన్నగా పరిగెడతాడు కూడా. పట్టు తప్పేది మలుపు తిరిగేటప్పుడే. రెండు ఎముకల మధ్య నెలవంకల్లా రెండు మెత్తలుంటాయి, మెనిస్కస్ అంటారు. పట్టు తప్పిన ప్రతిసారీ ఆ మెత్తలు నలుగుతాయి, చిరుగుతాయి. అవి చిరిగాక ఎముకల చివర నున్నగా, తెల్లగా పూతలా ఉండే మృదులాస్థి అరగడం మొదలవుతుంది. దానికి రక్తనాళాలు లేవు. అరిగితే తిరిగి పెరగదు. అంటే నా మోకాలు పోయింది బరంపురంలో ఆ ఒక్క సాయంత్రం కాదు. ఆ తర్వాత నాలుగేళ్ళ పాటు, మీ అందరి చప్పట్ల మధ్య, రోజుకి కొంచెం కొంచెంగా పోయింది. అప్పుడే పట్టుకుని ఉంటే అది బాగు చేసుకోదగ్గ గాయమే. పట్టుకోకపోవడం వల్లే అది నా బతుకంతా తోడుండే రోగం అయింది.

ఉద్యోగంలో చేరాక టోర్నమెంటు ముందు ఇంజెక్షన్లు అలవాటయ్యాయి. నొప్పి పోయేది. నొప్పి పోతే మోకాలు బాగయినట్టే అని నమ్మేదాన్ని. జట్టు మేనేజరు "ఫైనల్ ఒక్కటీ లాగించమ్మా" అనేవారు. ఆయన చెడ్డ మనిషి కాదు. జట్టు గెలిస్తేనే ఆయన కుర్చీ నిలిచేది. నా ప్రొబేషనూ ఆట మీదే ఆధారపడి ఉండేది. నేను ఆడాలా వద్దా అని తేల్చాల్సిన ఇద్దరికీ నేను ఆడితేనే లాభం. మూడో మనిషి ఆ గదిలో లేడు.

చివరికి విశాఖపట్నంలో ఒక డాక్టరు ఎంఆర్ఐ ఫిల్మును వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి, "ఈ లిగమెంటు తెగి ఏళ్ళయిందమ్మా. ఇన్నాళ్ళూ దీంతో ఎలా ఆడావు?" అని అడిగారు. ఆయన గొంతులో మెచ్చుకోలు లేదు. రెండు మెత్తలూ చిరిగి ఉన్నాయి, పూత ఒకచోట ఎముక దాకా అరిగింది. ఆపరేషన్ అయింది. కనీసం తొమ్మిది నెలలు ఆట మాట ఎత్తొద్దన్నారు. అయిదో నెలలోనే నన్ను క్యాంపుకి పిలిచారు, నేను వెళ్ళాను. ఆరో నెలలో కొత్తగా వేసిన లిగమెంటు తెగింది.

ఆ తొమ్మిది నెలల లెక్క డాక్టర్లు ఊరికే చెప్పరు. కొత్త లిగమెంటుకి లోపల రక్తప్రసారం ఏర్పడి బలం రావడానికి నెలలు పడుతుంది. ఆలోగా తొడ కండరం క్షీణిస్తుంది, దాన్ని రెండో కాలితో దాదాపు సమానంగా తేవాలి. తొమ్మిది నెలలు నిండకుండా కోర్టు ఎక్కినవాళ్ళకి మళ్ళీ తెగే ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువని పరిశోధనల్లో తేలింది. చిన్న వయసువాళ్ళలో మరీనూ.

ఇదంతా డబ్బు లేని ఊళ్ళ కథ అని ఎవరైనా అనుకుంటే, డబ్బున్న చోట కూడా ఇదే జరిగింది. అమెరికాలో పోర్ట్‌లాండ్ జట్టుకి బ్రాండన్ రాయ్ అని గార్డు స్థానంలో ఆడే ఒక గొప్ప ఆటగాడు ఉండేవాడు. 2007లో అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు, ఆ తర్వాత మూడుసార్లు ఆల్‌స్టార్. 2010 ఏప్రిల్లో మెనిస్కస్ చిరిగి మోకాలికి ఆపరేషన్ చేస్తే, ఎనిమిది రోజులకే ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మ్యాచ్‌లో దిగాడు. 2011 జనవరిలో రెండు మోకాళ్ళకీ మళ్ళీ ఆపరేషన్లు. ఆ ఏప్రిల్లో డల్లాస్ మీద 23 పాయింట్లు వెనకబడిన మ్యాచ్‌ని, ఒక్క నాలుగో క్వార్టర్లోనే 18 పాయింట్లు కొట్టి గెలిపించాడు. నేను ఆ మ్యాచ్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అదే డిసెంబరులో, 27 ఏళ్ళకి, మోకాళ్ళలో మృదులాస్థి మిగల్లేదని ఆట మానేశాడు. మరుసటి ఏడాది మిన్నెసోటా జట్టుతో తిరిగొచ్చి అయిదు మ్యాచ్‌లు ఆడగలిగాడు, అంతే. ఆ ఎనిమిది రోజులే అతన్ని ముంచాయని నేననను. అంతకు ముందే ఆ మోకాళ్ళకి కత్తి పడింది. కానీ లోకంలో అందరికంటే మంచి డాక్టర్లు ఉన్నచోట కూడా మ్యాచ్ పిలిస్తే మోకాలి మాట ఎవరూ వినలేదు. అదే జట్టులో గ్రెగ్ ఓడెన్‌ని 2007 డ్రాఫ్టులో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు, అందరికంటే ముందు ఎంచుకున్నారు. మోకాళ్ళ వల్ల అతను మొత్తం ఎన్‌బీఏలో ఆడినవి 105 మ్యాచ్‌లు.

డెరిక్ రోజ్ సంగతి ఇంకో రకం. 22 ఏళ్ళకే 2011లో ఎన్‌బీఏ అత్యుత్తమ ఆటగాడు అనిపించుకున్నాడు. 2012 ఏప్రిల్ 28న ఎడమ మోకాలి ఏసీఎల్ తెగింది. తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు. డాక్టర్లు సరేనన్నా, మోకాలి మీద తనకి నమ్మకం కుదిరేదాకా దిగనన్నాడు. ఎంతమంది ఎన్ని మాటలన్నారో! ఆ తర్వాత కుడి మోకాలూ దెబ్బ తింది, ఇంకా ఆపరేషన్లయ్యాయి, మునుపటి రోజ్ మళ్ళీ రాలేదన్నదీ నిజమే. అయినా అతను 2024 దాకా ఆ ఆటతోనే బతికాడు. ఆడనని చెప్పే ధైర్యం, ఆ చెప్పినవాడి చోటు పోకుండా నిలబెట్టిన ఒప్పందం, రెండూ అతనికి ఉన్నాయి. మా పిల్లలకి రెండూ లేవు.

నేను అడగదలుచుకున్నది ఇక్కడే ఉంది.

మన దగ్గర బాస్కెట్‌బాల్ ఆడి కోట్లు సంపాదించినవాళ్ళు లేరు. మంచి ఆటగాళ్ళకి దొరికేది రైల్వేలోనో, పోలీసులోనో, ఏదో బ్యాంకులోనో ఉద్యోగం. ఆ ఉద్యోగానికి దారి సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టుకి దారి సెలక్షను. ఒక్క సెలక్షన్ తప్పితే ఏడాది పోయింది, వయసు పోయింది, చోటు ఇంకొకరికి పోయింది. అందుకే పిల్ల నొప్పి దాచుకుంటుంది. నేను ఆ పిల్ల ఇంటికి వెళ్ళి చెబితే, వాళ్ళమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ఈ ఒక్కసారికి ఆడనీండి మేడంగారూ. సర్టిఫికెట్టొస్తే దీని బతుకు గట్టెక్కుతాది. కాలుదేటుంది, తరవాత సూపించుకుంటాం" అంది. ఆవిడ ఇళ్ళలో పనిచేసి పిల్లకి గుడ్డూ పాలూ పెడుతోంది. ఆవిడకి నేనేం చెప్పను? నొప్పి దాచుకోవద్దని పిల్లకి నీతి చెప్పేముందు, నొప్పి బయట పెట్టిన పిల్లకి నష్టం జరక్కుండా మీరు చూడాలి.

కాబట్టి మొదటి మాట. జిల్లా జట్టుకో రాష్ట్ర క్యాంపుకో ఎంపికైన ఆటగాడికి, ఆటగత్తెకి మోకాలి గాయం అయిందని డాక్టరు రాసిస్తే, ఆ చోటు ఒక ఏడాది వాళ్ళ పేరు మీదే ఉంచండి. ఆ ఏడాది ఇంకొకరు ఆడతారు, ఆడాలి కూడా. కానీ బాగయ్యాక ఈ పిల్ల మళ్ళీ అడుగునుంచి మొదలుపెట్టకుండా తిన్నగా క్యాంపుకి రావాలి. వయసు మీరిపోతే ఆ ఏడాది మినహాయింపు ఇవ్వాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఒక సర్క్యులరు చాలు.

రెండోది, ఆడాలా వద్దా అన్నది కోచ్ చేతిలోంచి తీసెయ్యండి. నేనూ కోచ్‌నే. ఫైనల్ రోజు నా మనసు నాకు తెలుసు. రెండు నిమిషాలు ఉండగా రెండు పాయింట్లు వెనకబడి ఉంటే, బెంచీ మీద కుంటుతున్న పిల్ల వైపు నా కళ్ళు వెళ్తాయి. నన్ను నమ్మకండి. జిల్లాకి ఒక ఫిజియోథెరపిస్టుని పెట్టండి, అతను వద్దంటే మంత్రిగారు చెప్పినా ఆ పిల్ల కోర్టు ఎక్కకూడదు. అతని జీతానికీ మా గెలుపుకీ సంబంధం ఉండకూడదు.

ఒడిశాకి ఇది చేతకాని పని కాదు. 2018 నుంచి దేశపు హాకీ జట్లకి స్పాన్సరుగా నిలిచింది మన రాష్ట్రం. 2018లో, 2023లో వరసగా రెండు పురుషుల ప్రపంచ కప్పులు ఇక్కడే జరిగాయి. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఆటగాళ్ళ ఒంటిని శాస్త్రీయంగా పరీక్షించి బాగు చేసే ఏర్పాట్లున్నాయి. అవి చూసి గర్వపడేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ మా కొండల మీది సవర పిల్ల భువనేశ్వర్ వెళ్ళాలంటే ఒక రోజు కూలీ, ఒక రాత్రి రైలు, తోడు మనిషి కావాలి. మాకు పక్కనున్న పాతపట్నమే ఆంధ్రా. జబ్బు చేస్తే మేం శ్రీకాకుళమో విశాఖో పరిగెడతాం. 2025లో ఆయుష్మాన్ భారత్ మన రాష్ట్రానికి వచ్చింది, గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి కార్డులిచ్చారు. కుటుంబానికి ఏటా 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. మంచి పథకం. అయితే లిగమెంటు ఆపరేషనుకి ఆ కార్డు విశాఖలో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, బరంపురంలో ఎక్కడ చెల్లుతుందో జిల్లా క్రీడాధికారి ఆఫీసు గోడ మీద ఒడియాలో, తెలుగులో, సవరలో రాసి పెట్టండి. ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలల ఫిజియో ఎవరు చేయిస్తారో కూడా రాయండి. ఆపరేషన్ అయ్యేదాకా అందరూ ఉంటారు. ఆ తర్వాత పిల్ల ఒక్కతే ఇంట్లో మంచం మీద పడుకుని కాలు ఎత్తి దించుకుంటూ ఉంటుంది, పదిహేను రోజులకి విసుగొచ్చి మానేస్తుంది. మోకాళ్ళు ఎక్కువగా చెడేది అక్కడే.

కోచ్‌లకి ఒక మాట. ఆడపిల్లల్లో, ముఖ్యంగా ఎదిగే వయసులో, ఏసీఎల్ తెగడం అదే ఆట ఆడే మగపిల్లల కంటే కొన్ని రెట్లు ఎక్కువ. దీన్ని చాలా వరకు ఆపొచ్చు. పావుగంట వార్మప్‌లో రెండు కాళ్ళ మీద మెత్తగా దిగడం, మోకాళ్ళు లోపలికి ఒరక్కుండా వంచి దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరానికి బలం, ఇవి వారానికి రెండు మూడుసార్లు క్రమం తప్పకుండా చేయిస్తే ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని అనేక దేశాల్లో చూశారు. దీనికి మిషన్లు అక్కర్లేదు. నేను పిల్లలకి ఒకటే చెబుతాను: "దిగితే చప్పుడు వినబడకూడదు." కళ్ళు మూసుకుని వింటాను. ఎవరి పాదాలు ధబ్‌మంటాయో వాళ్ళు మళ్ళీ ఎగరాలి. కోర్టు పక్కన ఊరికే నాలుగు రౌండ్లు పరిగెత్తించి మ్యాచ్‌లోకి దింపడం ఇకనైనా మానేద్దాం. వానాకాలంలో పాచి పట్టిన సిమెంటు మీద ప్రాక్టీసు వద్దు. పిల్లల బూట్ల అడుగు ఒకసారి తిప్పి చూడండి, సగం మందికి గీతలే మిగలవు.

నా పెళ్ళిలో నేను పీట మీద కూర్చోలేకపోయాను. మోకాలు మడత పడదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి మా మేనమామ పక్కింటినుంచి ఎత్తు స్టూలు తెచ్చి వేశాడు, దాని మీద పట్టుబట్ట కప్పారు. అందరూ మంచివాళ్ళే, ఎవరూ ఏమీ అనలేదు. పలాస స్టేషన్లో వంతెన దిగాలంటే ఇప్పటికీ కటకటా పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కొక్క మెట్టూ దిగుతాను, వెనక జనం ఆగిపోతారు. నాకు నలభై నిండలేదు. ఇవన్నీ నాకు అలవాటయ్యాయి. ఆ పదిహేనేళ్ళ పిల్లకి మాత్రం అలవాటు కాకూడదు.

నిన్న ఆ పిల్లని శ్రీకాకుళం తీసుకెళ్ళి ఎంఆర్ఐ తీయించాను. ఏసీఎల్ తెగింది. మెత్తలు రెండూ బాగున్నాయి, పూతా బాగుంది. సరిగ్గా చేయిస్తే వచ్చే ఏడాదికి ఆడుతుందని డాక్టరు అన్నారు. రిపోర్టు నకలు ఈ ఉత్తరంతో పాటు జిల్లా క్రీడాధికారి గారికి పంపాను. సెలక్షన్ జాబితా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు ఏడో నంబరు దగ్గర ఆమె పేరు ఉంటుంది. దయచేసి కొట్టేయకండి. పక్కన పెన్నుతో 'వచ్చే ఏడాది' అని రాయండి. ఆ కాగితం నేను వాళ్ళమ్మకి చూపించాలి.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక మాజీ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి, వ్యాయామ ఉపాధ్యాయిని